నాలుగు దాటని లెక్క

ఆ ఈతకొలను గురించి ఊళ్లో చెప్పుకునే మాటల్లో రుజువున్నది ఒక్కటే — గేటుకు తాళం ఉంది. మిగతావన్నీ విన్నవే.

స్టేడియం వెనక సందులో, ఎత్తయిన గోడల మధ్య ఉంటుందది. ఇప్పుడు నీళ్లు లేవు. నీళ్లుండే రోజుల్లో చిన్నపిల్లలకు సాయంత్రం బ్యాచి ఒకటి నడిచేదట. ఒకరోజు చీకటి పడే వేళకి కరెంటు పోయింది. కోచ్ పిల్లలందర్నీ గట్టు మీదికి రమ్మని, చీకట్లోనే ఎవరి నంబరు వాళ్లని చెప్పమన్నాడు. ఒకటి. రెండు. మూడు. నాలుగు... ఐదు. లెక్క సరిపోయింది. గేటు వేసి అందరూ ఇళ్లకు వెళ్లిపోయారు.

ఐదు అన్నది ఐదోవాడు కాదు. వాడు బట్టలు మార్చుకోవడానికి వెళ్లాడేమో, పలక్కపోతే తిట్లు తింటాడేమోనని పక్కనున్న స్నేహితుడు వాడి బదులు పలికాడు. క్లాసులో హాజరు పలికినట్టే.

ఐదోవాడు నీళ్లలోనే ఉన్నాడు.

ఇది నిజమో కాదో తేల్చినవాళ్లు లేరు. కానీ ఆ గోడ పక్కన దాగుడుమూతలాడే పిల్లల్ని చూడండి... కళ్లు మూసుకున్న దొంగ "ఒకటి, రెండు, మూడు, నాలుగు" అంటాడు. ఆగుతాడు. మళ్లీ ఒకటి నుంచి మొదలుపెడతాడు. ఎందుకురా అని అడిగితే ఒకడి మొహం ఒకడు చూసుకుంటారు తప్ప చెప్పరు. దీపాలు పెట్టే వేళ దాటితే ఆ ఆట కూడా ఉండదు.

గ్లోబు మాస్టారు ఇలాంటివి చెవిన పెట్టే మనిషి కాదు.

ఆయన హైస్కూల్లో సోషల్ చెప్పేవాడు. నున్నటి గుండు, చంకలో ఎప్పుడూ ఏదో ఒక మ్యాపు. పేరు పిల్లలు పెట్టిందే అయినా స్టాఫ్ రూములోనూ అదే చలామణీ అయింది. ఎవరైనా దెయ్యాల ఊసెత్తితే, "అక్షాంశం, రేఖాంశం చెప్పండి, వెళ్లి చూసొస్తా" అనేవాడు. అందరూ నవ్వేవాళ్లు.

ఆ ఏడాది బడుల మధ్య కొత్త పోటీ ఒకటి వచ్చింది. జియోకాషింగ్ అంటారు. పేరు నోరు తిరగదు గానీ ఆట సులువే. ఎక్కడో ఒక డబ్బా దాస్తారు. ఆ చోటు అక్షాంశ రేఖాంశాలు మాత్రం ఇస్తారు. అరచేతిలో పట్టే జీపీఎస్ మిషను బాణం చూపిస్తుంది. బాణం వెంట పోయి, చోటు చేరాక కళ్లతో వెతుక్కోవాలి. డబ్బాలో చిన్నచిన్న వస్తువులుంటాయి. ఒకటి తీసుకోవచ్చు. తీసుకుంటే మనదొకటి పెట్టాలి. పెట్టింది మళ్లీ తీసుకోకూడదు. డబ్బాను ఎక్కడ దొరికిందో అక్కడే, దొరికినట్టే పెట్టి రావాలి. పోటీలో ఆఖరి రౌండు మాత్రం చీకటి పడ్డాక.

హెడ్‌మిస్ట్రెస్‌కి ఆ ఆఖరి ముక్క మింగుడు పడలేదు.

"చీకట్లో పిల్లలతో ఈ తిరుగుళ్లేంటి మాస్టారూ?"

"వెనకే నేనుంటాను కదండీ."

ఆమె కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టింది. "నలుగుర్ని తీసుకెళ్తున్నారు. నాలుగు తలకాయలూ తెచ్చి అప్పజెప్పాలి. మూడు తెచ్చి నాలుగోది దారిలో ఉందంటే కుదరదు."

నలుగుర్నీ ఆయనే ఏరుకున్నాడు. మిషను పట్టేది తొమ్మిదో తరగతి పొడుగమ్మాయి. అందరూ కెప్టెన్ అనేవాళ్లు, ఆ అమ్మాయీ అలాగే నడిచేది. రెండోవాడు రేడియో. నిద్రలో తప్ప నోరు మూయడు. మూడోవాడు సంచి. తాడూ టార్చీ దూదీ మోసేది వాడే, బిస్కెట్లు ఖాళీ చేసేదీ వాడే. నాలుగోది పిచ్చుక.

పిచ్చుక రేడియోకి పిన్ని కూతురు. గుప్పెడంత పిల్ల. మాట తడబడుతుంది. మొదటి అక్షరం దగ్గరే ఆగిపోయి, కళ్లు పెద్దవి చేసి, తర్వాతి అక్షరం కోసం ఎదురుచూస్తుంది. క్లాసులో హాజరు వేళ ఆ పిల్ల నోరు తెరిచేలోపే, వెనక బెంచీ నుంచి రేడియో సన్నటి గొంతుతో "ప్రెజెంట్ సార్" అనేసేవాడు. ఒకటో తరగతి నుంచీ అంతే. టీచర్లు చూసీ చూడనట్టు ఊరుకునేవాళ్లు. పాపం, అన్నయ్య కదా. గ్లోబు మాస్టారూ ఊరుకున్నాడు.

కానీ ఆ పిల్లకున్న కళ్లు ఇంకెవరికీ లేవు. గదిలో ఒక కుర్చీ జరిగినా చెప్పేది. "ఇ... ఇది ఇక్కడిది కాదు" అని వేలు పెట్టిందంటే డబ్బా అక్కడున్నట్టే.

వాళ్లమ్మ బడికొచ్చింది. గేటు దగ్గరే నిలబడి చెప్పింది.

"మాస్టారూ, దానికి భయం పుడితే గొంతు పూర్తిగా పడిపోతుంది. అమ్మా అని కూడా అనలేదు. అలాంటిదాన్ని చీకట్లోకి..."

"అందుకేనమ్మా ఇది." ఆయన జేబులోంచి ఎర్రటి ఈల తీసి పిచ్చుక మెళ్లో వేశాడు. "మాట రాకపోయినా ఊపిరి వస్తుంది కదా."

ఆమె ఈల వైపు చూసింది. కూతురి వైపు చూసింది. "మీ చేతుల్లో పెడుతున్నాను" అని మాత్రం అంది.

నలుగురికీ నాలుగు ఈలలు. దారి తప్పినా దెబ్బ తగిలినా మూడుసార్లు ఊదాలి. విన్నవాళ్లు చేతిలో పని వదిలేసి ఆ వైపు వెళ్లాలి. "ఎవరు ఊదారని అడగక్కర్లేదు" అని నేర్పాడు మాస్టారు. "ఊదారంటే అవసరం ఉన్నట్టే. వెళ్లాలి. అంతే."

ఇంకోటి కూడా నేర్పాడు. ఆయన "లెక్క" అనగానే టార్చీలన్నీ ఆర్పేయాలి. వెలుతురు కళ్లల్లో పడితే మనిషి వెనక మనిషి కనబడరు, అందుకని గొంతుతోనే లెక్క. ఒకటి కెప్టెన్, రెండు రేడియో, మూడు సంచి, నాలుగు పిచ్చుక.

ఆ నియమం ఆయనే కనిపెట్టాడు. కాస్త గర్వపడ్డాడు కూడా.

పోటీకి ముందు ఆఖరి అభ్యాసం. లైబ్రరీ వెనక గోడ పగుల్లో డబ్బా దాచి, అంకెలు బోర్డు మీద రాసిచ్చాడు. జట్టు మాస్టారు వెనక నడవచ్చు గానీ నోరు విప్పకూడదని పోటీ నిబంధన. ఒక్క లెక్కకి తప్ప. ఆ రోజు కూడా అలాగే అని చెప్పి, కాస్త దూరంగా వెనక నడిచాడు.

చలికాలం. పొద్దు తొందరగా వాలింది. వీధి దీపాలు ఒకటి వెలుగుతూ, ఒకటి మానేస్తూ ఉన్నాయి.

ముందు మాటలు వినబడుతున్నాయి.

"సంచీ, బిస్కెట్లెందుకురా?"

"దారి తప్పితే తినడానికి."

"తప్పకముందే తినేస్తున్నావు కదరా."

"తప్పాక ఆకలేస్తుందో లేదో. ఎందుకొచ్చిన గొడవ."

కూడలి వచ్చింది. లైబ్రరీకి కుడివైపు తిరగాలి. కెప్టెన్ అరచేతిలోని బాణం చూసి, ఎడమకు తిరిగింది.

మాస్టారికి వెంటనే అర్థమైంది. ఒకే చోటును రెండు రకాలుగా రాస్తారు. నిమిషాల తర్వాత చుక్క పెట్టి దశాంశంగా ఒకటి, సెకన్లుగా ఇంకోటి. ఆయన రాసిచ్చింది దశాంశాలు. కెప్టెన్ మిషనులో సెకన్లు కొట్టింది. అంకెలు అవే. చోటు మాత్రం అర కిలోమీటరు పక్కకు పోతుంది.

పిలిచి చెప్పొచ్చు. చెప్పలేదు. తప్పు చేసి తిరిగొస్తే ఇక జన్మలో మర్చిపోరు అనుకున్నాడు. నవ్వుకున్నాడు కూడా.

స్టేడియం పక్క నుంచి సందులోకి తిరిగాక నవ్వు ఆగింది.

గోడ. గేటు. గేటుకు తాళం.

తాళం ఉంది కదా, వెనక్కి తిరుగుతారు అనుకున్నాడు. నలుగురూ గేటు ముందు ఆగారు. గుసగుసలాడారు. రేడియో ఏదో అన్నాడు. కెప్టెన్ "ష్" అంది. అంతలో పిచ్చుక గేటు చివర వేలు పెట్టి చూపించింది. అక్కడ ఒక ఊచ వంగి ఉంది.

ఒకరి వెనక ఒకరు లోపలికి దూరారు.

మాస్టారు అడుగు వేగం పెంచాడు. ఊచల మధ్య తన పొట్ట పట్టించడానికి ఆయనకు కొంత సమయం పట్టింది.

లోపల గాలి లేదు. బయటి చలి కూడా లేదు. ఎండిన కొలను నోరు తెరుచుకుని ఉంది. ఈ చివర మోకాలి లోతు, ఆ చివరికి పోనుపోనూ జారుడు. అడుగున నల్లటి ఆకులు. కోచ్ కూర్చునే ఎత్తు కుర్చీ ఒకటి, ఇంకా అక్కడే, నీళ్లు లేని కొలను వైపు చూస్తూ ఉంది.

పిల్లల టార్చీలు కుర్చీ దగ్గర తిరుగుతున్నాయి.

"ఇ... ఇది..." పిచ్చుక గొంతు. ఆగింది. ఆ ఒక్క మాటా పూర్తి కాలేదు.

"దొరికింది!" రేడియో.

కుర్చీ కింద రేకు డబ్బా. కెప్టెన్ మూత తీసింది. టార్చీ వెలుగులో అంత దూరం నుంచి మాస్టారికి కొద్దిగానే కనబడింది. రబ్బరు జిగురైపోయిన ఈత కళ్లద్దాలు. ఒక దువ్వెన. ఇంకేదో మెరిసింది. పిచ్చుక చేయి లోపలికి వెళ్లింది... బయటికి వచ్చింది.

ఎవరో ఎప్పుడో దొరికిన వస్తువులు దాచిన డబ్బా. కొలనులన్నింట్లో ఉంటుంది అలాంటిది. మాస్టారు మనసులో ఆ మాట రెండుసార్లు అనుకున్నాడు. అయినా చేతుల మీద వెంట్రుకలు లేచే ఉన్నాయి. పిల్లలు తప్పు చోటుకి వచ్చారు. తప్పు చోట డబ్బా ఉంది... వాళ్ల కోసమే పెట్టినట్టు.

"లెక్క!" అన్నాడు.

ఆయన గొంతు గోడలకు తగిలి ఆయన దగ్గరికే వచ్చింది. టార్చీలు ఆరిపోయాయి.

"ఒకటి."

"రెండు."

"మూడు."

కాసేపు ఏమీ లేదు.

"...నాలుగు." సన్నగా. అస్పష్టంగా.

మాస్టారు ఊపిరి వదిలాడు. "చాలు. ఇది మన చోటు కాదు. నా వెనకే వచ్చేయండి. మాట్లాడకండి."

ఆయన టార్చీ వెలిగించి ముందు నడిచాడు. వెనక అడుగులు వినబడుతూనే ఉన్నాయి. గేటు దగ్గర ఊచ పట్టుకుని ముందు తానే దూరాడు. సందులో వెలుగుతున్న ఒకే ఒక్క దీపం కిందికి నడిచి, వెనక్కి తిరిగాడు.

కెప్టెన్. సంచి. రేడియో.

గేటు వైపు చూశాడు. గేటు దగ్గర ఎవరూ లేరు.

"పిచ్చుకేది?"

ముగ్గురూ వెనక్కి చూశారు.

"నా వెనకే ఉందనుకున్నా సార్" అంది కెప్టెన్.

"లెక్కలో ఉంది కదా. పలికింది కదా." అన్నాడు మాస్టారు.

రేడియో ఒక అడుగు ముందుకొచ్చాడు.

"అది నేను సార్."

"ఏది?"

"నాలుగు... నేనే అన్నాను. దానికి మాట రావడానికి టైమ్ పడుతుంది కదా, మీరు కంగారు పడతారని... రోజూ అనేదే కదా సార్."

సంచి చేతిలోంచి బిస్కెట్ పొట్లం జారి పడింది. వాడు తీసుకోలేదు. ఆ కథ వాళ్లకూ తెలుసు.

"అప్పుడు అదెక్కడుంది?"

"డబ్బా సర్ది పెడతానని ఆగినట్టుంది సార్" అంది కెప్టెన్. "దొరికినట్టే పెట్టాలన్నారు కదా."

"ఈల ఉంది కదా దాని దగ్గర. ఊదుతుంది" అన్నాడు మాస్టారు, తనకు తనే చెప్పుకున్నట్టు.

రేడియో తల అడ్డంగా ఊపాడు. ఇప్పుడు ఏడుస్తున్నాడు. "డబ్బాలోంచి ఒకటి తీసుకుంది సార్. బదులు పెట్టడానికి దాని దగ్గర ఇంకేమీ లేదు. ఈల తీసి పెట్టేసింది."

ఈల మెళ్లోంచి తీయకూడదని ఆయనే చెప్పాడు. తీసుకుంటే పెట్టాలనీ ఆయనే చెప్పాడు. రెండింటిలో ఏది పెద్దదో చెప్పలేదు.

"ముగ్గురూ చేతులు పట్టుకోండి. ఈ దీపం కింద నుంచి కదలొద్దు. ఏం వినబడ్డా కదలొద్దు."

మళ్లీ ఊచల మధ్య దూరాడు. ఈసారి చొక్కా చిరిగింది.

"అమ్మా... పిచ్చుకా..."

కా, అంది గోడ.

గట్టు మీద నడిచాడు. టార్చీ వెలుగు ఆకుల మీద పడి ఆకుల రంగులోనే కలిసిపోతోంది. బట్టలు మార్చుకునే గదుల తలుపులు సగం తెరిచి ఉన్నాయి. ఒక్కోదాంట్లో వెలుగు వేసి చూశాడు. కొక్కేలు. ఇంకా కొక్కేలు. ఎక్కడా పిల్ల లేదు.

మళ్లీ పిలిచాడు. జవాబు రాలేదు. రాదు. ఆ సంగతి ఆయనకు తెలుసు. భయం పుడితే అమ్మా అని కూడా అనలేదు. ఈ గోడల మధ్య ఎక్కడో, నోరు తెరుచుకుని, మొదటి అక్షరం కోసం చూస్తూ ఉంటుంది. ఆయన పక్క నుంచే నడిచి వెళ్లిపోతాడు.

మీ చేతుల్లో పెడుతున్నాను, అంది వాళ్లమ్మ.

ఆయన ఆగాడు. ఎటు వెళ్లాలో తెలియలేదు.

అప్పుడు వినబడింది.

ఈల.

ఒకసారి... ఇంకోసారి... ఇంకోసారి.

కొలను లోతు చివర నుంచి. మెల్లగా, ఊపిరి చాలనట్టు, గొంతులో నీళ్లున్నవాళ్లు ఊదినట్టు.

ఈల డబ్బాలో ఉంది. డబ్బా కుర్చీ కింద ఉంది. కుర్చీ ఆయన వెనక ఉంది. టార్చీ వెనక్కి తిప్పాడు. డబ్బా అక్కడే ఉంది, మూత వేసి, పొందిగ్గా, దొరికినట్టే.

లోతు చివర నుంచి మళ్లీ మూడుసార్లు.

ఎవరు ఊదారని అడగక్కర్లేదు. వెళ్లాలి. అంతే.

ఆయన కొలనులోకి దిగాడు. ఆకుల కింద పాచి. ఒక చేత్తో గోడ పట్టుకుని, జారుతూ, నిలదొక్కుకుంటూ, ఈల వైపు నడిచాడు. దగ్గరయ్యే కొద్దీ ఈల చిన్నదైంది. ఆఖరి ఊదు ఆయన మోకాళ్ల పక్కనే వినబడి ఆగిపోయింది.

టార్చీ కిందికి దించాడు.

పిచ్చుక.

కొలను అడుగున, నీళ్లు పోయే గుంట మీద విరిగిన జాలీ. టార్చీలు ఆర్పిన చీకట్లో గట్టు దాటి జారిపోయినట్టుంది, ఆ పిల్ల కాలు పిక్క దాకా అందులో ఇరుక్కుని ఉంది. చుట్టూ ఆకులు నడుము దాకా. నోరు తెరిచే ఉంది. కళ్లు ఇంతింత. శబ్దం లేదు. ఆరిపోయిన టార్చీ గుంటలో ఎంతో కింద, నల్లటి నీళ్ల మీద తేలుతోంది.

ఇంకో అడుగు పక్కగా వెళ్లుంటే ఆయనకు ఆకులు తప్ప ఏమీ కనబడేది కాదు.

మాట్లాడకుండా కూర్చుని, జాలీ వంచి, కాలు బయటికి లాగాడు. బూటు గుంటలో పడిపోయింది. పడిన చప్పుడు చాలా ఆలస్యంగా వచ్చింది.

ఎత్తుకుని పైకి నడుస్తుంటే ఆ పిల్ల ఆయన భుజం మీద నోరు పెట్టి, చాలాసేపు కష్టపడి అంది:

"ఊ... ఊదింది మీరే క... కదా సార్?"

ఆయన ఈల ఆయన జేబులోనే ఉంది.

"పద" అన్నాడు.

"నా ప... పక్కనే వినబడింది."

"పదమ్మా."

ఆయన మెడ చుట్టూ ఉన్న ఆ పిల్ల మణికట్టు దగ్గర ఏదో ఆయనకు చల్లగా తగిలింది. టార్చీ వెలుగులో చూశాడు. రబ్బరు పట్టీ, దానికి ఇత్తడి బిళ్ల. ఈతకొచ్చిన పిల్లలకి బట్టల అర తాళంతో పాటు ఇచ్చే బిళ్ల. మీద అంకె చెక్కి ఉంది. ఆయన దాన్ని ఒకసారి చదివి, వెలుగు పక్కకు తిప్పేశాడు. తీసి అక్కడే పడేద్దామనుకున్నాడు. కానీ మార్పిడి అయిపోయింది. బదులిచ్చిన ఈలను వాడుకున్నారు కూడా.

కుర్చీ పక్క నుంచి వస్తూ డబ్బా మూత తీసి చూడలేదు. ఎందుకు చూడలేదని తర్వాత ఎవరో అడిగితే, "ఈల ఉన్నా, లేకపోయినా నాకు కష్టమే కదా" అన్నాడట.

దీపం కింద ముగ్గురూ చేతులు పట్టుకుని అలాగే నిలబడి ఉన్నారు. రేడియో పరుగెత్తుకొచ్చి చెల్లెలి చేయి రెండు చేతులతో పట్టుకున్నాడు. మొదటిసారి వాడి నోట మాట లేదు.

"ఈల మీకూ వినబడిందా?" అన్నాడు మాస్టారు.

వినబడిందన్నట్టు తలలూపారు. "మీరనుకున్నాం సార్" అంది కెప్టెన్.

మాస్టారు పిచ్చుకను కింద దింపాడు. ఒంటి బూటుతో నిలబడింది. నాలుగు తలకాయలు. వెలుతురులో ఎదురుగా కనబడుతున్నాయి. అయినా ఆయనకు కళ్ల మీద నమ్మకం చాల్లేదు.

"లెక్క" అన్నాడు. "ఎవరి నంబరు వాళ్లే. ఎంత సేపు పట్టినా సరే. ఇంకొకరు నోరు విప్పితే ఊరుకోను."

"ఒకటి" అంది కెప్టెన్.

"రెండు" అన్నాడు రేడియో.

"మూడు" అన్నాడు సంచి.

పిచ్చుక నోరు తెరిచింది. ఆగింది. కళ్లు పెద్దవయ్యాయి. రేడియో పెదాలు కదలబోయి, వాడే పళ్లతో నొక్కి పట్టుకున్నాడు. ఎవరూ సాయం చేయలేదు. ఎక్కడో దూరంగా లారీ ఒకటి వెళ్లింది. దాని చప్పుడు పూర్తిగా పోయేదాకా ఆగారు.

"నా... నా... నాలుగు."

మాస్టారు కళ్లు మూసుకున్నాడు. నలుగురు. అప్పజెప్పాల్సిన నలుగురూ ఉన్నారు.

గేటు లోపల నుంచి, ఎంతోసేపటిగా తన వంతు కోసం నిలబడ్డ పిల్లాడి గొంతు, బుద్ధిగా, స్పష్టంగా —

"ఐదు."

ఎవరూ వెనక్కి తిరగలేదు. పిచ్చుక చేతికున్న బిళ్ల మీదికి అందరి కళ్లూ మెల్లగా దిగాయి.

రేడియో గొంతు గుసగుసలా వచ్చింది.

"సార్... ఈసారి నేను కాదు."